‘ఇతరులు’ అంటే మనమేనా?

కోత పండుగకు ముందు మా సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పాస్టరు అయ్యగారికి, సంఘ పెద్దలకు, కమిటీ సభ్యులకు ప్రభువు పేరిట వందనాలు.

నేనెవరో మీకు తెలుసు. గుడికి పోయే దారిలో టైలరు దుకాణం నాది. ఎనిమిదేళ్ళు ఈ సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఒక నల్లరేగడి ఊరు అని మాత్రం అంటాను. కడప, కర్నూలు, అనంతపురం వైపు ఎవరైనా ఇది చదివి ‘మా గుడి గురించే రాసినాడే’ అనుకుంటే అనుకోనీండి. చుట్టాల ఇళ్ళకు పోయినప్పుడు నేను చూసిన గుళ్ళలో చాలావాటి సంగతి ఇంతే.

అడిగేది చిన్న విషయం. వచ్చే నెల కోత పండుగ. ఆ రోజు ఆరాధన చివర మైకులో కానుకల పట్టీ చదువుతాం గదా, ఫలానా వారు ఇంత, ఫలానా వారు ఇంత అని. ఈ ఏడాది నుంచి అది చదవొద్దు. ఈ మాట కమిటీలో రెండుసార్లు అన్నాను. మొదటిసారి నవ్వారు. రెండోసారి ‘తర్వాత చూద్దాంలే’ అన్నారు, మినిట్స్‌లో కూడా రాయలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను. అయ్యగారి మీద గానీ, ఏ పెద్దమనిషి మీద గానీ నాకు కోపం లేదు. ఎనిమిదేళ్ళు ఆ పట్టీ రాసిన చెయ్యి నాదే. మూడేళ్ళు చదివిన గొంతు కూడా నాదే.

పట్టీ ఎట్లా తయారవుతుందో సంఘంలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. పండుగకు రెండు వారాల ముందు కవర్లు పంచుతాం. పేరుకు ఒక గీత, మొత్తానికి ఒక గీత ఉంటాయి కవరు మీద. వచ్చినవి వచ్చినట్టు నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి. శనివారం రాత్రి అన్నం తిన్నాక కూర్చుని, ఆ పేర్లనే పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి వరస మార్చి తెల్లకాగితం మీద రాసేవాణ్ణి. ఎందుకు మార్చాలి? నాకు ఎవరూ చెప్పలేదు. నాకంటే ముందున్నాయన అట్లే రాసేవాడు, ఆయనకు ముందున్నాయనా అట్లే రాసేవాడు. ఐదు వందలు దాటితే పేరు ఉంటుంది. దాటనివాళ్ళందరినీ కలిపి అన్నిటికంటే కింద ఒకే పంక్తి: ‘ఇతరుల నుండి వచ్చినది’. నేను దిగిపోయిన ఏడాది ఆ పంక్తికి ఎదురుగా 11,340 అని రాశాను. కవర్లు లెక్కపెడితే నూట పదహారు.

మొదటి పేరు చదవగానే గుడి మొత్తం నిశ్శబ్దమైపోతుంది. చప్పట్లు. రెండో పేరుకు, మూడో పేరుకు కూడా చప్పట్లు ఉంటాయి. పది దాటాక జనం ముందు తమ పేరు కోసం, తర్వాత పక్కింటివాళ్ళ పేరు కోసం చెవులు రిక్కిస్తారు. మైకు దగ్గర నిలబడితే ఇదంతా బాగా కనిపిస్తుంది. నేను ఒక పేరు చదివితే కళ్ళు ఆ మనిషి వైపు తిరిగేవి కావు. ఆ మనిషికి సరిజోడుగా ఊళ్ళో ఎవరున్నారో, వాళ్ళ వైపు తిరిగేవి. అన్న పేరు చదివితే తమ్ముణ్ణి చూసేవాళ్ళు. తోటికోడలి పేరు చదివితే ఇంకో తోటికోడల్ని చూసేవాళ్ళు. ఆ తమ్ముడు, ఆ తోటికోడలు పాటల పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకునేవాళ్ళు.

పై వరసలో వచ్చే పేర్లలో సగం కువైట్ డబ్బే. అక్కడ ఎవరింట్లోనో వంటపని చేస్తూ, ఇక్కడ పిల్లల్ని అవ్వ దగ్గర వదిలిపెట్టిన ఆడమనిషి పంపిన డబ్బు. చదివే పేరు మాత్రం మొగుడిది.

ఇక వేలం. పంటలో మొదటి భాగం దేవునికని జొన్న కంకులు, శనగలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు తెస్తారు. చూడటానికి ఎంత బాగుంటుందో. ఆ పూట గుడిలో ధూళి వాసన, కంకుల వాసన కలిసి వస్తాయి, నాకు క్రిస్మస్ కంటే అదే ఇష్టం. తర్వాత వేలం మొదలవుతుంది. ఒక ఏడాది ఒక గుమ్మడికాయ 4,000కు పోయింది. మాటలు లేని ఇద్దరు అన్నదమ్ముల మధ్య. ఆ కాయను పాడినాయన ఇంటికి తీసుకుపోలేదు, గుడి అరుగు మీదే మర్చిపోయాడు. మూడు రోజులు అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక పెద్దమ్మ సంగతి. పేరు రాయను. పట్టీలో ఎట్లాగూ లేదు. పొయ్యి పక్కన చిన్న మట్టిచట్టి పెట్టుకుని, ఎసట్లో బియ్యం పోసే ముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. రెండు పూటలూ అంతే. మన అవ్వలందరూ ఒకప్పుడు చేసినదే, ఇప్పుడు ఊళ్ళో ముగ్గురో నలుగురో మిగిలారు. నెలాఖరున పాత పంచెగుడ్డ సంచిలో కట్టుకుని తెస్తుంది. ఒకసారి తూకం వేశాను, రెండు కిలోల పైచిలుకు ఉంది. అవి స్టోరు బియ్యం. నెలకు మనిషికి ఇన్ని కిలోలని వచ్చే బియ్యంలోంచి తీసినవి, అంటే తను తినాల్సిన ముద్దలోంచి తీసినవి. వేలంలో స్టోరు బియ్యానికి ఎవరు పాడతారు? యాభై రూపాయలకు ఎవరో ఒకరు పాడితే కోళ్ళకు వేసుకుంటారు. ఆ యాభై ‘ఇతరుల’లో కలిసిపోతుంది.

ఒక కోత పండుగ రోజు అందరూ వెళ్ళిపోయాక నేను మైకు వైరు చుట్టుకుంటున్నాను. పెద్దమ్మ వచ్చి ఖాళీ సంచి అడిగింది. ఇచ్చాను. పోబోతూ ఆగి అడిగింది: “నాయనా, చివర్న చదివినావే ఇతరులని, ఇతరులంటే మనమేనా?”

నొచ్చుకుని అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. “అవును పెద్దమ్మా” అన్నాను. “సరేలే” అని సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది కోత పండుగకు రాలేదు. బియ్యం మాత్రం మనవరాలి చేత పంపింది. మోకాళ్ళ నొప్పులని చెప్పింది ఆ పిల్ల. నొప్పులు ఉన్నమాట నిజమే. అంతకుమించి నేనేమీ అనను.

పెద్దమ్మ గురించి రాసి నా గురించి రాయకపోతే నేను దొంగనవుతాను. ఇంట్లో మా ఆవిడను అడిగే రాస్తున్నాను. “రాయి, ఇప్పటికైనా” అంది.

ఆరేళ్ళ కిందట మా బావమరిది కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. గురువారం వచ్చి కవరు నా చేతికిచ్చాడు. కోశాధికారిని గదా, విప్పి రాసుకోవాలి. 15,000. నాకు కడుపులో ఏదో మెలితిప్పినట్టయింది. వాడికి నేను పెళ్ళిలో సూటు కుట్టినవాణ్ణి. వాణ్ణి బడికి సైకిల్ మీద దిగబెట్టినవాణ్ణి. ఆదివారం మైకులో నేనే వాడి పేరు మొదట చదవాలి, మా అత్తమామలు ముందు బెంచీలో కూర్చుని వింటారు. నా పేరు ఎక్కడో పదిహేనో పేరుగా రావాలి.

చీరలకు పీకో కొట్టే మిషను కొందామని దాచుకున్నవి 6,000 ఉన్నాయి. శుక్రవారం పొద్దున్నే పోయి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చాను. కవరు మీద 16,000 అని రాశాను. ఎవరెంత ఇచ్చారో ముందే తెలిసే కుర్చీలో కూర్చుని, ఆ తెలిసినదాన్ని వాడుకున్నాను. అది ఇంకో తప్పు. ఆదివారం పట్టీ చదవడం మొదలుపెట్టి నా పేరే మొదట చదువుకున్నాను. చదివి ఊరుకున్నానా? “ప్రభువు నా చేతిపనిని దీవించాడు” అని మైకులో ఒక సాక్ష్యం కూడా చెప్పాను. ‘హల్లెలూయ’ అన్నారు.

మా బావమరిది బయటికొచ్చి నవ్వుతూ, “ఏం బావా, నన్ను దాటేసినావే” అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో మా ఆవిడ అన్నమాట ఇది: “దేవునికిచ్చినావా, మా తమ్మునికి చూపించినావా?”

ఆ అప్పు తీరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నెలకు మూడు వందల లెక్కన 4,200 వడ్డీ. ఆ 4,200 దేవునికీ చేరలేదు, మా బావమరిదికీ చేరలేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టని ఊరికే అనలేదు మన పెద్దలు. పీకో మిషను మొన్న మొన్నటిదాకా కొనలేకపోయాను, ఆ పనంతా పక్క వీధి దుకాణానికి పోయింది.

అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీరాల కథ మనకు అందరికీ తెలుసు. పొలం అమ్మి, కొంత దాచుకుని, అంతా తెచ్చామని చెప్పిన భార్యాభర్తలు. ఆ కథను అయిదో అధ్యాయం మొదట్నుంచి చదవడం మనకు అలవాటు. అధ్యాయాల అంకెలు చాలా శతాబ్దాల తర్వాత ఎవరో పెట్టినవి. ఆ అంకెను చెరిపేసి నాలుగో అధ్యాయం చివర్నుంచి చదివి చూడండి. కుప్రకు చెందిన లేవీయుడు బర్నబా తన భూమి అమ్మి ఆ సొమ్మంతా అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. వెంటనే తర్వాతి మాట అననీయ గురించి. ఆ ఇంట్లో ముందురోజు రాత్రి ఏం మాట్లాడుకుని ఉంటారో లేఖనంలో లేదు. నాకైతే చెప్పాల్సిన పనిలేదు. నేనూ ఒక గురువారం అట్లాంటి రాత్రే గడిపాను. పొలం అమ్మకముందు నీదే గదా, అమ్మిన తర్వాతా నీ ఇష్టమే గదా అని పేతురు అడుగుతాడు. అంటే సగం ఇచ్చినా తప్పులేదు. సగం తెచ్చి సగమని చెబితే ఆ కథే లేదు. బర్నబాతో సమానంగా కనబడాలనుకోవడంతోనే వచ్చింది తంటా అంతా.

నేను కూడా చేతికున్న ఆరు వేలు ఇచ్చి ఊరుకుని ఉంటే సరిపోయేది.

కమిటీలో నేను ఈ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దాయన గట్టి ప్రశ్నే వేశారు. “యేసయ్యే కానుకపెట్టె ఎదురుగా కూర్చుని ఎవరెంత వేస్తున్నారో చూసినాడు గదప్పా. మనం చదివితే తప్పేంది?” అన్నారు. అప్పుడు నాకు జవాబు దొరకలేదు. తర్వాత ఇంటికి పోయి మార్కు సువార్త పన్నెండో అధ్యాయం మళ్ళీ చదివాను.

చూశాడు, నిజమే. ఆ దేవాలయంలో బూర ఆకారంలో ఉండే పెట్టెలు పదమూడు ఉండేవని యూదుల పాత గ్రంథాల్లో ఉంది. నాణేలు వేస్తే చప్పుడు వస్తుంది, ఎక్కువ వేస్తే ఎక్కువ చప్పుడు. ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని కొండమీద ప్రసంగంలో ఆయన అన్నది ఊరికే కాదేమో. ఆ చప్పుళ్ళ మధ్య ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. రెండు కాసులంటే ఎంత? అప్పట్లో ఒక రోజు కూలి ఒక దేనారం. ఆ రెండు కాసులు దేనారంలో అరవై నాలుగో వంతు. మన దగ్గర రోజుకు 500 కూలి అనుకుంటే ఎనిమిది రూపాయల లోపే. మన పట్టీలో అయితే ఆమె ఎక్కడుంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఆయన చూసి ఏం చేశాడు? లేచి నిలబడి ప్రకటించలేదు. ఆమెను పిలిచి నలుగురిలో నిలబెట్టలేదు. శిష్యుల్ని దగ్గరికి పిలిచి వాళ్ళకు చెప్పాడు. తన గురించి ఎవరో మాట్లాడుకున్నారని ఆమెకు తెలిసినట్టే లేదు. ఆమె పేరు ఈ రోజుకూ మనకు తెలియదు. ఆయన చూడటం వేరు, మనం చదవడం వేరు పెద్దయ్యా. ఆయన చూసింది ఆమె దగ్గర ఇంకా ఏం మిగిలిందని. అది కవరు మీద రాయడానికి గీత ఉండదు.

ఇంకో అనుమానం డబ్బు తగ్గుతుందని. తగ్గొచ్చు. నిజంగానే తగ్గొచ్చు, నేను అబద్ధం చెప్పను. కాంపౌండు గోడ ఇంకో రెండేళ్ళు ఆలస్యం కావొచ్చు. అయితే ఎంత తగ్గిందో చూసుకుంటే, ఇన్నాళ్ళూ మనకు వచ్చినదాంట్లో పోటీ మీద వచ్చింది ఎంతో తెలుస్తుంది. తెలుసుకోవడం మంచిదే గదా.

‘పేర్లు చదవకపోతే కమిటీవాళ్ళు తినేసినారంటారు’ అన్నది మూడో మాట. ఇది మాత్రం నాకు కొంచెం కోపం తెప్పించిన మాట. లెక్క చూపించడం, వరస పెట్టడం ఒకటి కాదు. ఇచ్చినవాళ్ళకు ఇచ్చినట్టు రసీదు ఇవ్వండి. మొత్తం ఎంత వచ్చింది, సున్నానికి ఎంత, కరెంటు బిల్లుకు ఎంత, విధవరాళ్ళ సహాయానికి ఎంత, అన్నీ నోటీసు బోర్డు మీద పైసలతో సహా అంటించండి. కమిటీలో లేని ఇద్దరు మనుషులను, అందులో ఒకరు ఆడమనిషి, కూర్చోబెట్టి లెక్క సరిచూపించండి. నేనున్న ఎనిమిదేళ్ళలో వచ్చింది చదివాం గానీ ఖర్చు ఒక్కసారి కూడా మైకులో చదవలేదు. ఎవరికీ ఆ అనుమానం రాలేదు! ఎవరు ఎంత ఇచ్చారన్నది తెలిస్తే చాలు, ఇచ్చింది ఏమైందన్నది ఎవరికీ పట్టలేదు.

నిర్గమకాండం ముప్ఫయ్యో అధ్యాయంలో జనసంఖ్య లెక్కపెట్టినప్పుడు అందరూ అరతులం వెండి ఇవ్వాలని ఉంది. ధనవంతుడు అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. ఎక్కువ ఇవ్వకూడదనే నియమం నాకు వింతగా అనిపించేది. ఉన్నవాడు ఇస్తే నష్టమేంది అనుకునేవాణ్ణి. నూట పదహారు కవర్లను ఒక పంక్తిలో కుక్కిన చేత్తో ఇప్పుడు చదివితే వింతగా లేదు.

ఈ జబ్బు ఒక్క పట్టీలోనే ఉందని కాదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన ఆదివారం మార్కులు చదువుతాం. ఆరు వందలకు ఐదు వందల ఎనభై తెచ్చిన పిల్లకు బహుమతి. మూడు వందల నలభైతో పాసైన పిల్లవాడు ఆ పూట కొళాయి దగ్గర నిలబడి, ఆరాధన అయ్యేదాకా చెప్పులు కడుగుతూనే ఉన్నాడు. ‘ప్రభువు నాకు కారిచ్చాడు’ అన్న సాక్ష్యం విన్నాక, ఆటో ఫైనాన్సు కట్టలేక బండి పోగొట్టుకున్నవాడు ఏమనుకోవాలి? రోడ్డుకు అవతల కొత్తగా పెట్టిన సంఘానికి ఐదు వందల మంది వస్తున్నారంట, వాళ్ళకు ఎల్‌ఈడీ తెర ఉందంట అని మన కమిటీలో ఒక మీటింగు మొత్తం గడిచిపోయింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ పరంపరవాళ్ళు ఎవరి సంఘం వాళ్ళదని వేరువేరుగా ఉండి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఒక్కటైన సంగతి ఇదే మీటింగులో ఉన్న పెద్దలే ఏటా మాకు చెబుతారు. ఇంక ఫ్యాన్ల రెక్కల మీద దాతల పేర్లు. కరెంటు పోయినప్పుడే చదవడానికి వీలవుతుంది.

నాకు పనికొచ్చిన మాట ఒకటి యోహాను సువార్త చివరి అధ్యాయంలో దొరికింది. తెల్లవారుజామున సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాలుతున్నాయి. అన్నం తిన్నాక యేసు పేతురును అడిగిన మొదటి ప్రశ్న చూడండి: ‘వీరికంటె నీవు నన్ను ఎక్కువగా ప్రేమించుచున్నావా?’ వీరికంటె. ఆ మాట పేతురుదే. అందరూ వదిలేసినా నేను వదలను అని కొన్నాళ్ళ కిందట తనే అన్నాడు, అదే రాత్రి కోడి కూసేలోపు మూడుసార్లు ఎరగనన్నాడు. ఇప్పుడు అదే కొలత అతని ముందు పెట్టాడు ప్రభువు. పేతురు జవాబులో ‘వీరికంటె’ లేదు. ప్రేమిస్తున్నానని నీకే తెలుసు అన్నాడంతే. నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఈ ఒక్క మాట పోయిందని ఎవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టానని గొప్ప కాదు, ఇదివరకే ఎవరో చెప్పి ఉంటారు, నేను నిద్రపోతూ ఉండి ఉంటాను.

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. నన్ను వెంబడించు అని ప్రభువు అంటే, పేతురు చేసిన మొదటి పని వెనక్కి తిరిగి చూడటం! ఇంకో శిష్యుడు వస్తున్నాడు. ప్రభువా, మరి ఇతని సంగతి ఏంటి అని అడిగాడు. మూడుసార్లు అదే ప్రశ్న అడిగి, క్షమించి, గొర్రెల్ని అప్పజెప్పిన పది నిమిషాలకే! జవాబు మనకు తెలుసు: ‘అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము.’ మన మాటల్లో చెబితే, నీకెందుకబ్బా అన్నాడు. కోపంగా అన్నాడో, నవ్వుతూ అన్నాడో తెలియదు. నాకు నవ్వుతూనే అన్నట్టు వినిపిస్తుంది.

పేతురంతటివాడు ఒక్క క్షణం మెడ తిప్పకుండా ఉండలేకపోయాడు. మనం మైకు పెట్టి, వరస పెట్టి, రెండు వందల మంది మెడలు తిప్పుతున్నాం.

లండన్ మిషన్ వాళ్ళు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. మన ముత్తాతలు గుడి మెట్లు ఎక్కేనాటికి వాళ్ళ చేతుల్లో ఏముంది? భూమి లేదు. ఊరి బావిలో నీళ్ళు చేదుకునే వీలు లేదు. 1876లో వచ్చిన ధాత కరువులో ఈ సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు, మొదట పోయింది కూలోళ్ళే. ఊరి కొలతలో అందరికంటే కింద నిలబడ్డ మనుషులు వాళ్ళు. ఆ కొలత లేని చోటు ఒకటి ఉందని విని వచ్చారు. (వచ్చాక లోపల మళ్ళీ మాల, మాదిగ అని బెంచీలు పంచుకున్నారు. ఆ కథ వేరే అనబోయాను. వేరే కాదు.) వాళ్ళు మొదట ఇచ్చిన కానుక పిడికెడు గింజలే. ఆ పిడికెడు గింజలతో మొదలైన గుడిలో, ఇప్పుడు పిడికెడు బియ్యం తెచ్చే మనిషి ‘ఇతరులు’ అయింది.

ద్రాక్షతోట కూలీల ఉపమానంలో సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ పొద్దున్నే వచ్చినవాడికీ ఒకే దేనారం ఇస్తే పొద్దున వచ్చినవాళ్ళు గొణుగుతారు. వాళ్ళకు కూలి తగ్గలేదు. పక్కవాడి కూలి చూసేదాకా వాళ్ళకూ సరిపోయింది. ‘నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా’ అని యజమాని అడుగుతాడు. తెలుగు బైబిలు చేసినవాళ్ళు ఎవరో గానీ ఆ చోట కడుపుమంట అని భలే పెట్టారు. ఆ గురువారం కవరు విప్పినప్పుడు నాకు అయింది సరిగ్గా అదే.

డిసెంబరు వస్తే నా దుకాణంలో తల్లులు అడిగే మొదటి మాట ‘ఫలానా వాళ్ళ పాపకు ఎన్ని కుచ్చులు పెట్టినావు?’ అని. మా పాప నడుమెంత అని అడిగేవాళ్ళు తక్కువ. కొలత తీసుకోకుండా పక్కపిల్ల గౌను చూసి కుట్టమంటారు. నేను టేపు తీసి ఆ పిల్లనే నిలబడమంటాను. దీన్ని ఒకసారి అయ్యగారికి చెబితే మరుసటి ఆదివారం ప్రసంగంలో వాడుకున్నారు. బాగానే ఉంది. అదే ఆదివారం పట్టీ కూడా చదివాం.

కాబట్టి అయ్యగారూ, పెద్దలారా, ఈసారి కవరు మీద పేరు గీత ఉంచినా ఫరవాలేదు, రసీదుకు కావాలి. చదవడం ఆపండి. ‘సంఘమంతా కలిసి దేవునికి ఇచ్చినది ఇంత’ అని ఒకే అంకె చదవండి, దాని కిందే ఖర్చు చదవండి. వేలం తీసేయమని అనను, పిల్లలకు అది సంబరం. అయితే మైకులో వేలం పాడేవాళ్ళ పేర్లు పిలవకుండా పాడించొచ్చు. స్టోరు బియ్యాన్ని మాత్రం వేలంలో పెట్టొద్దు. ఆ రోజు ప్రేమవిందుకు అన్నం వండుతాం గదా, అందులో ఆ పిడికెళ్ళు కలపండి. పట్టీలో పై పేర్లవాళ్ళూ తింటారు, మా బావమరిదీ తింటాడు. ఎవరి పిడికెడు ఎవరి ఆకులో పడిందో ఎవరికీ తెలియదు.

మా బావమరిదికి ఈ లేఖ ముందే ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “బావా, ఆ ఏడాది నేనిచ్చిన పదిహేనూ అప్పే” అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుందని విన్నాను. నేను బయట చింతచెట్టు కింద ఉంటాను, పిలిస్తే వస్తాను. పాత లెక్కల నోటుబుక్కులు ఎనిమిదీ ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి, అవి మీకు అప్పజెప్పాలి. వాటిలో ఒకదాంట్లో నా పేరు అందరికంటే పైన ఉంది. ఆ పేజీ చింపేద్దామనిపించింది. లెక్కల పుస్తకం గదా, చింపలేదు.

మీ
పాత కోశాధికారి